రెండో బేస్ సంచి

"గడియ పెట్టింది నేనే," అంది రాజ్యం. "పొయ్యి వెలిగించింది కూడా నేనే. మీరు ఎన్నిసార్లు తిప్పి తిప్పి అడిగినా అదేనండి."

అప్పుడే లేచి నా దారిన నేను పోవలసింది. అబద్ధాలకోరును పట్టుకోవడం తేలిక. తన మెడకు తానే తాడు తగిలించుకుని, ముడి సరిగ్గా పడిందా లేదా అని చూసుకునే మనిషిని కాపాడటమే కష్టం. అలాంటివాళ్లను చూస్తే నాకు జాలి తర్వాత వస్తుంది, ముందు ఒళ్లు మండుతుంది.

సోమవారం, పదకొండు గంటల పది నిమిషాలు. దర్శికి ఏడు కిలోమీటర్ల దూరంలో రైతు బాపయ్య చేలో, ఆయన ఒకప్పుడు పొగాకు ఆరబెట్టిన పాత బ్యారన్ ముందు నులకమంచం వేసుకుని కూర్చున్నాం. ఒంటిగంటకు వచ్చి ఆమెను తీసుకెళ్తానని సి.ఐ. చైతన్యకృష్ణ చెప్పి వెళ్లాడు. అంటే నా చేతిలో రెండు గంటలు కూడా లేవు.

నా పేరు ఆదాం. ఒంగోలులో ప్రైవేట్ డిటెక్టివ్‌ని. అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఒక బీమా కంపెనీ తరఫున తగలబడ్డ బ్యారన్ల చుట్టూ తిరిగాను. ఏది దానంతటది అంటుకుందో, ఏది యజమాని అంటించుకున్నాడో తేల్చడం నా ఉద్యోగం. ఆ సంగతి గుర్తుండబట్టే తెల్లవారగానే మీరా హుస్సేన్ నాకు ఫోన్ చేశాడు. ఆయన దర్శిలో టైలర్. ఆదివారాల్లో పిల్లల సాఫ్ట్‌బాల్ లీగ్‌కి స్కోరు రాస్తాడు. ఇప్పుడు స్కోరు పుస్తకం గుండెలకు అదుముకుని మంచం పక్కనే నిలబడ్డాడు.

ఆ లీగ్‌లో జీతాలు తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. పాలకేంద్రంలో పని చేసే రాజ్యం ఆరేళ్ల క్రితం మొదలుపెట్టింది. ఇప్పుడు పన్నెండు ఊళ్లు, నూట డెబ్భై మంది పిల్లలు, అందులో సగానికి పైగా ఆడపిల్లలు. బాపయ్య పొగాకు మానేసి ఈ రెండెకరాలు ఆటకు వదిలాడు, బ్యారన్‌ని సామాన్ల గదికి ఇచ్చాడు, అంపైరింగ్ కూడా నేర్చుకున్నాడు. మీరా హుస్సేన్ బేస్ సంచులు కుట్టి ఇస్తాడు. బంతిని కొట్టిన పిల్ల నేల మీద పరిచిన మూడు సంచుల్ని ఒక్కొక్కటే తొక్కుతూ చుట్టి రావాలి. ఆటంతా ఆ మూడు సంచుల చుట్టూనే.

నిన్న సాయంత్రం ఆ బ్యారన్‌లో బాపయ్య పొగకు ఊపిరాడక పడిపోయి కనబడ్డాడు. తలకు దెబ్బ. తలుపుకి బయట గడియ. ఆ గడియ పెట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని రాజ్యం నా ఎదురుగా కూర్చుంది.

"మళ్లీ మొదటినుంచి," అన్నాను. "గంటలు, నిమిషాలతో."

మీరా హుస్సేన్ పుస్తకం తెరిచాడు. "దర్శికీ చీమకుర్తికీ మ్యాచ్ సార్, పదిహేనేళ్ల లోపు ఆడపిల్లలది. మూడూ ముప్ఫై అయిదుకి వాన. ఆట ఆపాం. చీమకుర్తి పిల్లలు నాలుగింటికి వాళ్ల ట్రక్ ఆటోలో వెళ్లిపోయారు. వాళ్ల కోచ్ శ్రీకృష్ణ గారు బండి మీద వెనకాలే బయల్దేరాడు."

"చూడటానికి వచ్చిన జనం?"

"ఎవరుంటారు సార్. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసుకుని ఉన్నారు. చినుకు పడగానే తల్లీ తండ్రీ అంతా పట్టాలు కప్పడానికి పరిగెత్తారు. పది నిమిషాల్లో గ్రౌండు ఖాళీ."

"సరే. పొయ్యి ఎందుకు వెలిగించారు?"

రాజ్యం చెప్పింది. "గ్లౌజులు తోలువండీ. తడిసి ఆరితే బిరుసెక్కి పగులుతాయి. కొత్తవి ఎక్కణ్ణుంచి తెస్తాం? అందుకని వాన పడ్డప్పుడల్లా లోపల వాసాలకు వేలాడదీసి, పొయ్యిలో నాలుగు కట్టెలేసి తలుపు మూస్తాం. గంటలో ఆరిపోతాయి. లీగ్‌లో అందరికీ తెలుసు ఇది."

నాకూ తెలుసు. బ్యారన్‌కి పొయ్యి బయట ఉంటుంది. మంట వేడి ఇనప గొట్టాల్లో లోపలంతా తిరిగి, పొగ పైన చిమ్నీలోంచి పోతుంది. లోపలికి వేడి రావాలి గాని పొగ రాకూడదు.

"వెలిగించే ముందు ఏదైనా పద్ధతి ఉందా?"

ఆమె కళ్లు కిందికి దిగాయి. "లోపలికి వెళ్లి చుట్టూ తిరిగి చూడాలి. మూడుసార్లు పిలవాలి. ఆ రూలు పెట్టింది నేనే."

"నిన్న వెళ్లారా?"

"గుమ్మంలో నిలబడి పిలిచాను. లోపలికి వెళ్లలేదు. పిల్లలు తడిసి వణుకుతున్నారు. ఎనిమిది మందిని రెండు ఊళ్లలో దింపాలి. వేలాడే గ్లౌజుల వెనక చీకటిగా ఉంది. ఎవరూ పలకలేదు. బాపయ్య బాబాయి కూడా కల్లానికి వెళ్లాడనుకున్నా. తలుపేసి గడియ పెట్టాను. అప్పటికి నాలుగూ పది. అయిదున్నరకి నేనూ హుస్సేనన్నా వచ్చి తలుపు తీస్తే పొగ మా మీద పడింది. బాబాయి వెనక గోడ దగ్గర బోర్లా పడున్నాడు. నాలుగడుగులు లోపలికి వేసుంటే కనపడేవాడండి. నాలుగే అడుగులు."

ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

బాపయ్య ఒంగోలులో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఈ ఉదయం పదింటికి కళ్లు తెరిచాడని, మాట మాత్రం ఇంకా రాలేదని కబురు వచ్చింది. రాజ్యం వెంటనే ఆ సంగతి లీగ్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. దాని కింద వరసగా దండాల బొమ్మలు.

"ఇంకొకటి దాస్తున్నారు," అన్నాను. "సి.ఐ. కంటపడకపోవచ్చు. నేను కూతురికి పెళ్లి చేసినవాణ్ని, నాకు కనబడుతుంది."

ఆమె మీరా హుస్సేన్ వైపు చూసింది. ఆయన తల ఊపాడు.

"నిన్న మధ్యాహ్నం అన్నం తింటూ బాబాయి ఒక మాటన్నాడు. 'ఒక పిల్లకి వయసు తగ్గించి సర్టిఫికెట్ పుట్టించారు రాజ్యం. ముందు వాళ్ల కోచ్‌ని అడుగుతా. ఏమంటాడో విని నీకు చెబుతా' అన్నాడు. ఏ ఊరి పిల్లో చెప్పలేదు. పన్నెండు ఊళ్లకీ పన్నెండు మంది కోచ్‌లండి."

"ఇది సి.ఐ.కి చెప్పలేదేం?"

"చెబితే నూట డెబ్భై మందినీ స్టేషన్‌కి పిలిచి కాగితాలు తిరగేస్తారు. ఆడపిల్లని స్టేషన్‌కి పిలిచాక ఏ తండ్రి మళ్లీ గ్రౌండుకి పంపుతాడు? ఒక్కో గడపా ఎక్కి, బతిమాలి తెచ్చుకున్న పిల్లలు."

"చెప్పకపోతే మీరు జైలుకి వెళ్తారు."

"అదీ అనుకున్నాను. నేను పోయినా హుస్సేనన్న నడుపుతాడు. పిల్లలే పోతే ఇంక నడిపేదేముంది?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెలిసి తెలిసి గొయ్యి వైపు నడుస్తోంది. నాకు మళ్లీ ఒళ్లు మండింది, ఈసారి ఆమె మీద కాదు.

సరిగ్గా పదకొండూ యాభైకి జీపు వచ్చి ఆగింది. ఒంటిగంట అన్నవాడు గంట ముందే వచ్చాడు.

చైతన్యకృష్ణకు ముప్ఫై అయిదేళ్లుంటాయి. చురుకైనవాడే. చురుకైనవాళ్ల జబ్బే అతనిదీ, మొదట తట్టిన ఆలోచన మీద ప్రేమ. ఒంగోలులో రెండు కేసుల్లో నా వల్ల అతని ప్రేమ విఫలమైంది. అది మరిచిపోలేదు.

"ఆదాం గారూ, ఇది బీమా క్లెయిము కాదు," అన్నాడు. "ఆవిడే ఒప్పుకుంటోంది. మధ్యలో మీకేం పని?"

"గొట్టం ఊడింది. ఎందుకూడిందో తెలుసుకుందామని."

"ఇనుము పాతది. ఊడింది. పొగ లోపలికొచ్చింది. ఈవిడ చూడకుండా గడియ పెట్టింది. నిర్లక్ష్యం. ఇందులో మీకు అర్థం కానిదేంటి?"

"పాత గొట్టం అతుకు దగ్గర వదిలితే కిందికి జారుతుంది. ఇది మూరెడు పక్కకి జరిగి ఉందని మీ పంచనామాలోనే రాశారు."

"పడిపోతూ పట్టుకుని లాగి ఉంటాడు. ముసలాయన వాసం ఎక్కి, తడికాళ్లకు జారాడు. తల పగిలింది."

"గ్లౌజులన్నీ నా భుజం ఎత్తు వాసానికే వేలాడుతున్నాయి. వాటి కోసం పైకెక్కడం ఎందుకు?"

అతను వాచీ చూసుకున్నాడు.

"ఒక్క పని చెయ్యండి," అన్నాను. "నన్ను లోపల పెట్టి అయిదు నిమిషాలు గడియ వెయ్యండి. బాపయ్య పడున్న చోట పడుకుని చూస్తాను."

"ఇంత మంచి మాట మీ నోట ఎప్పుడూ వినలేదు," అన్నాడు. కానిస్టేబుల్ తలుపు మూశాడు. గడియ పడ్డ చప్పుడు నా వీపుకి తగిలినట్టు వినబడింది.

పన్నెండూ అయిదు.

లోపల మిట్టమధ్యాహ్నం కాదు, ఏ వేళా కాదు. పొగాకు మానేసి ఏళ్లయినా ఆ ఘాటు గోడల్లోనే ఉండిపోయింది. దాని మీద నిన్నటి పొగ. నాలుగడుగులు వేశాను. గ్లౌజులు మొహానికి తగిలాయి. వాటిని తప్పించుకుని వెనక గోడ దగ్గరికి వెళ్లి, బాపయ్య పడున్నట్టు బోర్లా పడుకున్నాను.

అప్పుడు కనబడింది వెలుగు. పాత బ్యారన్లకు గోడల అడుగున గాలి కంతలు ఉంటాయి. దీనికి నాలుగు. మూడింటిని ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. నాలుగోది నా మొహానికి ఎదురుగా, మూరెడు వెడల్పున తెరిచే ఉంది. బయట మిరపచేను అడుగుభాగం కనబడుతోంది. చల్లటి గాలి ముక్కుకి తగిలింది.

ఎందుకో ఆ గాలి నాకు నచ్చలేదు. తల పగిలిన మనిషి స్పృహ వచ్చి, పొగలో ఇక్కడిదాకా పాకాడు. సరైన చోటికే వచ్చాడు. ఈ బ్యారన్ కట్టించినవాడు, కంత ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. మొహం ఇక్కడ పెట్టుకుంటే గంట కాదు, మూడు గంటలైనా బతకొచ్చు. మరి ఎందుకు ఊపిరాడలేదు?

కంతలోకి చెయ్యి పెట్టాను. తడి. వేళ్లకు గరగరలాడుతూ ఏదో అంటుకుంది.

వాచీ చూశాను. పన్నెండూ పదమూడు. అయిదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. వెళ్లి తలుపు కొట్టాను. ఎవరూ తియ్యలేదు. మళ్లీ కొట్టాను. బయట జీపు స్టార్ట్ అయిన చప్పుడు.

దాచుకోవడం ఎందుకు, భయపడ్డాను. పొయ్యిలో నిప్పు లేదని తెలుసు, బయట పోలీసులున్నారని తెలుసు. అయినా అరవై రెండేళ్ల గుండె ఆ లెక్కలు వినలేదు. చొక్కా తడిసింది. గొంతులో ఘాటు దిగి దగ్గు వచ్చింది. నిన్న నిజంగా పొగ ఉంది, ఎనభై నిమిషాలు ఉంది. ఆ ఎనభై నిమిషాలూ బాపయ్య ఈ గోడనే గీరి ఉంటాడు.

మళ్లీ కంత దగ్గర పడుకుని గట్టిగా అరిచాను. "హుస్సేన్ గారూ!"

కాసేపటికి చేలో రెండు చెప్పులు కనబడ్డాయి. మీరా హుస్సేన్ వంగి మొహం పెట్టాడు. "సార్? సి.ఐ. గారు రాజ్యమ్మని జీపెక్కించేశారు. మిమ్మల్ని ఇంకాసేపు చూసుకోనివ్వమన్నారు."

"వచ్చి గడియ తియ్యండి."

బయటికొచ్చేసరికి పన్నెండూ పద్దెనిమిది. జీపు నీడకు తిప్పి ఉంది. వెనక సీట్లో రాజ్యం. చైతన్యకృష్ణ బానెట్‌కి ఆనుకుని నవ్వుతున్నాడు. "చూడాల్సింది చాలా ఉందేమోనని."

"ఉంది," అన్నాను. అరచెయ్యి అతని ముందు చాపాను.

"బూడిద," అన్నాడు. "బ్యారన్‌లో బూడిద కాక బంగారం ఉంటుందా?"

"పొయ్యి ముందువైపు. బూడిద పొయ్యిలో ఉంటుంది. వెనక గోడ కంతలోకి నడిచి రాదు కదా." కానిస్టేబుల్ చేతిలో నీళ్ల సీసా తీసుకుని అరచేతిలో రెండు చుక్కలు పోసి రుద్దాను. "కట్టెల బూడిద తడిపితే మెత్తగా జారుతుంది. ఇది చూడండి, ఇసకలా గరగరమంటోంది. ఎండలో పెడితే మెరుస్తోంది. ఇది రాయి పొడి. గ్రానైట్ కోసేచోట కాళ్ల కింద ఉండే పొడి."

అతను వేలితో తాకి చూశాడు. నవ్వు కాస్త తగ్గింది.

"హుస్సేన్ గారూ," అన్నాను, "బేస్ సంచుల్లో ఏం కూరుతారు?"

"పత్తి చెత్త సార్. గింజలు, పిప్పి. అన్ని ఊళ్లవీ నేనే కూరి కుడతా. చీమకుర్తి వాళ్లవి మాత్రం మూతి వదిలేసి ఇస్తా. వాళ్లది గ్రానైట్ క్వారీల ఊరు, పత్తి దొరకదు. రాయి పొడి పోసుకుని వాళ్లే కుట్టుకుంటారు. బరువుగా ఉంటాయి, కదలవు."

"ఎవరి సంచులు ఎవరు తెస్తారు?"

"వచ్చిన జట్టే మూడూ తెచ్చుకోవాలి. అది లీగ్ రూలు. మూడిట్లో ఒకటి తగ్గినా మ్యాచ్ పోయినట్టే."

"నిన్న వాన పడగానే వాటిని తీసిందెవరు?"

"శ్రీకృష్ణ గారే. పిల్లల్ని ఆటో ఎక్కమని పంపి, తనే తీసుకెళ్లాడు. సార్, రాత్రి ఆయన నాకు ఫోన్ చేశాడు. రెండో బేస్ సంచి చిరిగిపోయిందీ, వచ్చే ఆదివారానికి ఒకటి కుట్టిపెట్టమన్నాడు. బాపయ్యన్న ఆసుపత్రిలో ఉంటే ఈ మనిషికి సంచి గొడవేంటా అనుకున్నా."

"ఆ చిరిగిన సంచే కంతను మూసింది," అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. ఇతన్ని ఎవరూ అడగను కూడా లేదు. మనిషికి బ్యారన్‌లో పొగబెట్టినవాడు, వచ్చే ఆదివారం సంచి తగ్గి మ్యాచ్ పోతుందని కంగారుపడ్డాడు. లీగ్ మనిషి కాకపోతే ఆ పొరపాటు చెయ్యడు.

"సంచి ఇక్కడ లేదుగా," అన్నాడు చైతన్యకృష్ణ, పట్టు వదలకుండా. "నాలుగింటికే వెళ్లిపోయినవాడు తర్వాత వచ్చి ఎలా తీస్తాడు?"

నేను జీపు దగ్గరికి వెళ్లాను. "రాజ్యం గారూ, బాపయ్యని బయటికి తెచ్చినప్పుడు ఎవరెవరు పట్టుకున్నారు?"

"నేనూ, హుస్సేనన్నా లాక్కొచ్చాం. గ్రూపులో వాళ్లకి ఫోన్ చేశాం. అంబులెన్స్ వచ్చేలోపు శ్రీకృష్ణ గారు వచ్చారు. బ్యారన్ చుట్టూ తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమో చూశారు. తర్వాత కాళ్లు ఆయనే పట్టుకున్నారు."

"ఫోన్ ఎన్నింటికి చేశారు?"

"అయిదూ ముప్ఫై అయిదు."

"ఆయన వచ్చింది?"

మీరా హుస్సేన్ అలవాటు కొద్దీ స్కోరు పుస్తకం చివరి పేజీ తీశాడు. ఆ గందరగోళంలో కూడా రాసుకున్నాడు. "అయిదూ యాభై."

"చీమకుర్తి ఎంత దూరం?"

"బండి మీద గంట," అంది రాజ్యం.

గంట దారి పదిహేను నిమిషాల్లో. ఎవరికీ అనుమానం రాలేదు. ఏ పనికైనా ముందు చెయ్యెత్తేవాడు ముందు రావడంలో వింతేముంది?

"పిల్ల ఎవరు?" అన్నాను. "వయసు తగ్గించిన పిల్ల."

"వాళ్ల పిచ్చర్, బంతి వేసే పిల్ల," అంది నెమ్మదిగా. "ఆయన అక్క కూతురు. రాష్ట్ర జట్టు లిస్టులో పేరుంది. కాగితాలన్నీ ఆయనే తెచ్చిచ్చారు. వయసు అబద్ధమని తేలితే పిల్ల ఆటా పోతుంది, ఆయన మీద కేసూ పడుతుంది."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. వాన మొదలవగానే జనం కల్లాలకు పరిగెత్తారు. బ్యారన్‌లో గ్లౌజులు తగిలిస్తున్న బాపయ్య, చెప్పినట్టే ముందు కోచ్‌ని అడిగాడు. మాటా మాటా పెరిగి దెబ్బ పడింది. ఆ తర్వాత చేసినదంతా చల్లగా ఆలోచించి చేసిందే. గొట్టం పక్కకి లాగాడు, వెనక్కి వెళ్లి ఉన్న ఒక్క కంతలో తడిసంచి కుక్కాడు, బండి చేలగట్టు వెనక పెట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ రాగానే వచ్చి, చుట్టూ చూసే వంకతో సంచి పీకేశాడు. నిప్పు అతను పెట్టనక్కర్లేదు, గడియ వెయ్యనక్కర్లేదు. వాన పడితే ఆ రెండూ రాజ్యం చేస్తుందని లీగ్‌లో అందరికీ తెలుసు.

"లోపలికి వెళ్లి చూడకపోవడం మీ తప్పే," అన్నాను ఆమెతో. "కాదని చెప్పను. కానీ ఆయన్ని చంపబోయింది మీరు కాదు. మీ చేతుల్ని ఇంకొకడు వాడుకున్నాడు."

అప్పుడు ఏడ్చింది.

చైతన్యకృష్ణ జీపు వెనక తలుపు తెరిచాడు. క్షమాపణ చెప్పే రకం కాదు. తలుపు తీశాడు, అది చాలు. "శ్రీకృష్ణ ఇప్పుడెక్కడున్నాడు? ఇంట్లోనా, క్వారీలోనా?"

నేను రాజ్యం వైపు చూశాను. ఆమె కళ్లు తుడుచుకోవడం ఆపేసింది. చెయ్యి మొహం దగ్గరే నిలిచిపోయింది.

ఈ లీగ్‌లో ఏ పనికైనా డ్యూటీ లిస్టు ఉంటుంది. గ్రౌండుకి నీళ్లెవరు కొట్టాలి, పిల్లలకి మజ్జిగెవరు తేవాలి, అన్నీ గ్రూపులో రాజ్యమే వేస్తుంది. ఆసుపత్రిలో బాపయ్య దగ్గర ఎవరు కూర్చోవాలన్నదీ నిన్న తనే వేసింది. ఆమె ఫోన్ నాకు అందించింది. చూపు దాని మీద నిలవడం లేదు.

ఎనిమిది నుంచి పన్నెండు: బాపయ్య గారి భార్య. పన్నెండు నుంచి నాలుగు: శ్రీకృష్ణ గారు.

దాని కిందే పదింటికి పెట్టిన మెసేజ్, 'బాబాయి కళ్లు తెరిచాడు'. దండాలు పెట్టినవాళ్లలో మొదటి పేరు శ్రీకృష్ణది.

"ముందు చెయ్యెత్తింది ఆయనేనండి," అంది రాజ్యం.

బాపయ్య భార్యకు ఫోన్ చేశాం. భోజనానికి బంధువుల ఇంటికి వచ్చేశానంది. శ్రీకృష్ణ ఫోన్ స్విచాఫ్. చైతన్యకృష్ణ అప్పటికే ఒంగోలు స్టేషన్‌కి ఫోన్‌లో అరుస్తున్నాడు. నేను ఆసుపత్రి నంబరు పట్టుకుని, రెండో అంతస్తు నర్సుకి కలపమన్నాను. నిమిషం పైన పాట వినిపించారు. తర్వాత ఒక అమ్మాయి గొంతు, తీరిగ్గా.

"బాపయ్య గారి గదేనా అండి? బాగానే ఉన్నారు. కోచ్ గారు దగ్గరే ఉన్నారు. పేషెంటు నిద్రపోవాలి, ఎవర్నీ పంపొద్దని లోపల గడియ పెట్టుకున్నారండి."

"ఎంతసేపయిందమ్మా?"

"అరగంట దాటిందండి."